శిక్షణలో విన్నది తరగతిలోకి రావాలంటే

మండల వనరుల కేంద్రం నుంచి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది: సహిత విద్య మీద శిక్షణ, ఉదయం తొమ్మిదిన్నరకల్లా హాజరు కావాలి. వెళ్తారు. సంతకం, ప్యాడు, పెన్ను, టీ. ఆపైన తెర మీద 21 రకాల వైకల్యాల జాబితా, ఒక్కోదానికి నాలుగేసి లక్షణాలు. భోజనమయ్యాక కళ్లు మూతలు పడుతుంటే ఒక వీడియో. సాయంత్రం గ్రూప్ ఫొటో. మర్నాడు మూడో తరగతిలో ముప్పై మంది పిల్లల మధ్య, పేరు పెట్టి పిలిచినా పలకని పిల్లవాడి ముందు నిలబడ్డప్పుడు ఆ జాబితాలోని ఒక్క పంక్తీ అక్కరకు రాదు.

ఇందులో టీచర్ల తప్పేమీ లేదు. మన శిక్షణలు రాష్ట్రస్థాయిలో రిసోర్స్ పర్సన్లకు (ఎస్ఆర్పీలకు), వాళ్ల దగ్గర్నుంచి జిల్లాలో డీఆర్పీలకు, అక్కణ్నుంచి మండలంలో మనకు చేరతాయి. దిగిన ప్రతిసారీ కొంత తగ్గుతుంది. అన్నిటికన్నా ముందు తగ్గిపోయేది చేసి చూపించడం. చివరిదాకా మిగిలేది పీపీటీ. 2019లో కేంద్రం మొదలుపెట్టిన నిష్ఠ శిక్షణలోనూ సహిత విద్య మీద పాఠం ఉంది. కొవిడ్ సమయంలో అది దీక్ష పోర్టల్లోకి మారాక, ఒక పక్క వీడియో నడవనిచ్చి మరో పక్క కూర తరుక్కుంటూ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు ప్రతి స్టాఫ్ రూములోనూ ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేం. ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. గంటలు సులువుగానే నిండుతాయి. ఆ గంటల్లోంచి మన తరగతికి ఏం తెచ్చుకోవాలన్నదే ఇక్కడ విషయం. నా అభిప్రాయం ఒక్కటే: 21 వైకల్యాల గురించీ కొంచెం కొంచెం తెలుసుకోవడం మానేసి, ఈ ఏడాది మీ తరగతిలో ఉన్న ఒక్క బిడ్డ చుట్టూ మీ శిక్షణను మీరే కట్టుకోండి.

నిర్ధారణ మన పని కాదు, గమనించడం మన పనే

ముందు చట్టం సంగతి, క్లుప్తంగా. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ బడి హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 40 శాతం లేదా ఆపైన వైకల్యం ధ్రువీకరణ అయిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు ఇచ్చింది. ఇంటి దగ్గరి బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది వాళ్ల ఇష్టం. 1995 నాటి పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. కొత్త చట్టంలో అవి 21 అయ్యాయి. ఆటిజం, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక అభ్యసన వైకల్యం, తలసీమియా, సికిల్ సెల్ వంటివి అలా చేరినవే. అభ్యసన వైకల్యాన్ని తొందరగా గుర్తించాలనీ, తగిన పద్ధతుల్లో బోధించాలనీ 16వ సెక్షన్ బడులకు విధి పెట్టింది. "మా దగ్గర ఇలాంటి పిల్లలకు సౌకర్యం లేదండీ, వేరే బడి చూసుకోండి" అని తల్లిదండ్రుల్ని వెనక్కి పంపే హెచ్ఎం, అది ప్రైవేటు బడి అయినా సరే, ఆ మాట కాగితం మీద రాసివ్వడానికి సాహసించరు.

గుర్తించడమంటే పేరు పెట్టడం కాదు. ఎన్‌సీఈఆర్టీ వైకల్యాల తొలి పరిశీలన కోసం 2022లో తెచ్చిన ప్రశస్త్ యాప్‌లో మొదటి భాగం మామూలు టీచర్లు నింపాలి, రెండో భాగం స్పెషల్ ఎడ్యుకేటర్లు. మొదటి భాగంలో అడిగేదంతా మనం రోజూ చూసేదే: బోర్డు మీదిది దించుకోలేకపోతున్నాడా, పిలిస్తే ఏ వైపు తల తిప్పుతున్నాడు, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడా. అది నింపేముందు రెండు వారాలపాటు ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. "అల్లరి ఎక్కువ" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "గణితం పీరియడ్‌లో పది నిమిషాలకొకసారి లేచాడు, బొమ్మ గీయమంటే అరగంట కదల్లేదు" అని రాస్తే, రేపు డాక్టరుకైనా, సహిత విద్య రిసోర్స్ పర్సన్ (ఐఈఆర్పీ)కైనా అక్కడో దారి కనిపిస్తుంది.

ఆ తర్వాత ఇంటివాళ్లతో మాట్లాడాలి. శిక్షణల్లో ఎప్పుడూ నేర్పనిదీ, టీచర్లు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. తల్లి వచ్చి, "మావోడు ఇంట్లో బానే ఉంటడు సారూ, బడికొస్తెనే గిట్ల చేస్తడు" అంటుంది. వెంటనే "లేదమ్మా, మీవాడికి బుద్ధిమాంద్యం ఉన్నట్టుంది" అనేశారంటే ఆ సంభాషణ అక్కడితో ఆగిపోతుంది, కొన్నిసార్లు బిడ్డ బడికి రావడం కూడా. ఇలా అని చూడండి: "అవునమ్మా, ఇంట్ల నువ్వు ఎట్ల చెప్తే ఇంటడో నాకు జర చెప్పు. ఇక్కడ నేను ఎనక నుంచి పిలిస్తే తిరుగుతలేడు, ముంగటికొచ్చి పిలిస్తే తిరుగుతుండు. చెవులొకసారి చూపిద్దాం." తిట్టు లేదు, జబ్బు పేరు లేదు, చూసినది, తర్వాత చేయాల్సినది మాత్రమే ఉన్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఊళ్లోకి వచ్చే ఆర్బీఎస్‌కే వైద్య బృందం బడికి ఏడాదికి ఒకసారి రావాలి. 2013 నుంచి ఉన్న కార్యక్రమమిది. ఆ రోజు మీ నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని, ఈ బిడ్డను ముందు వరసలో నిలబెట్టండి. వాళ్లు జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్స కేంద్రానికి రాసిస్తారు.

వినికిడి యంత్రం ఉన్న పిల్లతో ఒక ఉదయం

ఒక్క విషయాన్ని దగ్గరగా చూద్దాం. మీ తరగతిలో వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్ల ఉందనుకోండి. యంత్రం చెవికి ఉంది కాబట్టి వినిపిస్తోందనుకుంటాం. బ్యాటరీ అయిపోయి వారమై ఉండవచ్చు. పిల్ల చెప్పదు, ఇంట్లో కొత్త బ్యాటరీకి డబ్బులు లేవని ఆమెకు తెలుసు.

హాజరు తీసుకునేముందు ఒక్క నిమిషం చాలు. పిల్ల వెనకాల ఓ రెండు మూడు అడుగుల దూరంలో నిలబడండి. ఆమె చేతిలో చింతపిక్కలు, ముందు ఒక గిన్నె. ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అనే ఆరు శబ్దాల్ని మామూలు గొంతుతో, వరస మార్చి, మధ్య మధ్య ఎక్కువా తక్కువా విరామమిస్తూ పలకండి. వినపడ్డప్పుడల్లా పిక్క గిన్నెలో వేస్తుంది. ఆడియాలజిస్టులు దీన్ని లింగ్ పరీక్ష అంటారు. మనుషుల మాటలోని మంద్ర స్వరం నుంచి తార స్వరం దాకా ఈ ఆరింటిలో వచ్చేస్తుంది. నిన్న ఆరూ విని ఇవాళ ష్, స్ రెండూ వదిలేసిందంటే ఏదో తేడా వచ్చింది. బ్యాటరీ కావచ్చు, చెవిలో గులిమి కావచ్చు, జలుబు కావచ్చు. యంత్రం కుయ్‌మని కూస్తుంటే చెవిలో పెట్టే అచ్చు బిగుతుగా కూర్చోలేదని అర్థం; పిల్ల ఎదిగి పాత అచ్చు వదులైపోయి ఉంటుంది, కొత్తది చేయించాలి. పెద్ద శక్తి ఉన్న యంత్రాల్లో ఎక్కువగా వాడే 675 నంబరు బ్యాటరీ మీద నీలం స్టిక్కరు ఉంటుంది. స్టిక్కరు పీకగానే లోపల పెట్టకుండా ఒకటి రెండు నిమిషాలు గాలికి ఉంచితే బ్యాటరీ ఎక్కువ రోజులు వస్తుంది. ఇవన్నీ నేర్చుకోవడానికి బీఎడ్ అక్కర్లేదు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో ఐఈఆర్పీ పక్కన కూర్చుంటే ఒక అరగంట.

ఇక పాఠం. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడటం మనందరి అలవాటు. ఆ పిల్లకు అప్పుడు మనం మూగవాళ్లమే. రాయండి, ఆగండి, తిరగండి, అప్పుడు చెప్పండి. పుస్తకం నోటికి అడ్డం రాకుండా గడ్డం కిందకు పట్టుకోండి. పెదవుల కదలికను బట్టి పోల్చుకునే పిల్లకు పాట, బాట, మాట మూడూ ఒకటే. కాబట్టి డిక్టేషన్‌లో విడి పదాలిచ్చి తప్పులు లెక్కపెట్టడం అన్యాయం. "నేను పాట పాడాను" అని వాక్యంలో పెట్టి చెబితే అదే పిల్ల సరిగ్గా రాస్తుంది. వెనక బెంచీవాడు చెప్పిన జవాబు ఆమె దాకా రాదు, మీరు మళ్లీ చెప్పాలి. ఇంక కూర్చోబెట్టే చోటు: మరీ మొదటి బెంచీ మధ్యలో వద్దు. రెండో వరసలో ఒక చివర అయితే మీ ముఖమూ కనిపిస్తుంది, తల తిప్పితే తోటిపిల్లల ముఖాలూ కనిపిస్తాయి. పంకా కిందా, రోడ్డు వైపు కిటికీ పక్కనా వద్దు. యంత్రం ఆ రొదను కూడా పెంచి వినిపిస్తుంది.

చదవలేని తెలివైనవాడు

మిగతా అన్ని రకాలకన్నా ఎక్కువగా మన కంటి ముందే ఉండి, ఎక్కువగా తిట్లు తినేది వీడే. కథ అడిగితే పూస గుచ్చినట్టు చెబుతాడు, కిరాణా కొట్టులో చిల్లర లెక్క తప్పడు, పాఠం చదవమంటే చెమటలు. ఆటిజంలాగా, పోలియోలాగా పైకి కనిపించేది ఏమీ లేదు కాబట్టి "బద్ధకం" అనేస్తాం.

తొందరపడి అభ్యసన వైకల్యం అనీ అనకండి. చూపు, వినికిడి పరీక్ష అయ్యాయా? ఎన్ని రోజులు బడికి వచ్చాడు? ఇంట్లో మాట్లాడేది గోండీయా, కోయా, లంబాడీయా, ఉర్దూనా? తెలుగే రెండో భాష అయిన పిల్లవాడు మెల్లగా చదవడం వైకల్యం కాదు. ఇవన్నీ దాటాక కూడా, మూడో తరగతి దాటుతున్నా గుణింతాల దగ్గరే చిక్కుకుని ఉంటే అప్పుడు గట్టిగా పట్టించుకోవాలి.

తెలుగు చదవడంలో ఇబ్బంది ఇంగ్లిషులోలా ఉండదు. మనది పలికినట్టే రాసే లిపి కనుక, కూడబలుక్కుంటూ సరిగ్గానే చదివినా పంక్తికి రెండు నిమిషాలు పడుతుంది. చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. వత్తులు వదిలేస్తాడు, దీర్ఘాలు ఎగిరిపోతాయి, వ-ప-ష-మ కలిసిపోతాయి, ద-ధ-థ ఒకటైపోతాయి. కాబట్టి ఒకేలా కనిపించే అక్షరాల్ని ఒకే రోజు నేర్పొద్దు; ఒకటి బాగా కుదిరాక వారం ఆగి రెండోది. గుణింతమంతా ఒక్కసారి వల్లె వేయించే బదులు ఒక్క గుర్తు పట్టుకుని, ఇకారం అనుకుందాం, వాడికి తెలిసిన పది అక్షరాల మీద పెట్టి ఆడించండి. ఒక పోస్టుకార్డు సైజు అట్ట ముక్కలో పంక్తి పట్టేంత కిటికీ కోసి ఇస్తే, కన్ను పక్క పంక్తిలోకి జారదు. తప్పు రాసిన పదాన్ని పదిసార్లు రాయించడం వల్ల తప్పే గట్టిపడుతుంది.

ఒక చిన్న మర్యాద కూడా ఉంది. రేపు బయటికి చదివించే పేరా ఇదీ అని ముందు రోజు సాయంత్రమే వాడికి చెప్పి పంపండి. తరగతి మొత్తం వింటుండగా కొత్త పేజీ ఇచ్చి "చదువు" అని నిలబెట్టడం పరీక్ష కాదు, శిక్ష. సాంఘిక శాస్త్రంలో జవాబు నోటితో చెప్పనిచ్చి మార్కులు వేయండి. అక్కడ మీరు చూడాల్సింది కాకతీయుల గురించి వాడికేం తెలుసన్నది, వత్తు సరిగ్గా పెట్టాడా అన్నది కాదు.

ఒకే పాఠం, వేర్వేరు లక్ష్యాలు

"ఒక్కడి కోసం ముప్పై మందిని ఆపలేం కదా!" ప్రతి శిక్షణలోనూ ఎవరో ఒకరు లేచి అనే మాట ఇది. నిజమే, ఆపక్కర్లేదు. నాలుగో తరగతిలో భాగహారం నడుస్తోందనుకోండి. తరగతి 24ను 4తో భాగిస్తోంది. బుద్ధి వికాసం నెమ్మదిగా ఉన్న పిల్లవాడి ముందు ఎనిమిది చింతపిక్కలు, రెండు పళ్లేలు. "నీకొకటి, నాకొకటి" అంటూ సమంగా పంచడమే వాడి లెక్క. చూపు తక్కువున్న పిల్లకు అదే 24 నల్ల స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసిన కాగితం మీద ఉంటుంది. మీరు బోర్డు మీద రాసేదంతా బయటికి చదువుతూ రాస్తే ఆమెకు మీరు అదనంగా చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. అందరూ భాగహారమే చేశారు. పంచడం వచ్చిన పిల్లవాడికి ఈ నెల లక్ష్యం పన్నెండు పిక్కలు అని రాసుకోండి. ఐఈఆర్పీ తయారుచేసే వ్యక్తిగత విద్యా ప్రణాళికలో ఉండేది సరిగ్గా ఇలాంటి వాక్యమే. "గణితంలో మెరుగుపడాలి" అని రాసి ఉంటే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

తోటిపిల్లల సాయం గొప్పది, కానీ ఒకే బుద్ధిమంతురాలికి ఏడాదంతా అప్పగించేయడం మనకో చెడ్డ అలవాటు. వారానికొకరు మారాలి. సాయం అందుకునే బిడ్డకూ ఒక పని ఉండాలి: బోర్డు తుడవడమో, గంట కొట్టడమో, మొక్కలకు నీళ్లో.

ఆటిజం ఉన్న పిల్లలకు మైకులో ప్రార్థన, గంట మోత, తనిఖీ రోజు మారిపోయిన టైంటేబుల్ భరించరానివి. ముందే చెప్పాలి, బొమ్మలతో చెబితే ఇంకా మంచిది. బల్ల మీద ఆ రోజు వరసగా జరిగేవి నాలుగు బొమ్మల్లో అతికించి, అయిపోయినదాన్ని తీసేయడం చాలామందికి పనిచేస్తుంది. "నా కళ్లలోకి చూడు" అని గడ్డం పట్టుకుని తిప్పకండి; చూడకుండానే వింటున్నాడు. కదలకుండా కూర్చోలేని, శ్రద్ధ నిలవని పిల్లలకు పని చిన్న చిన్న ముక్కలు చేసి ఇచ్చి మధ్యలో లేచే వీలివ్వాలి. ఈ లక్షణాలుండే ఏడీహెచ్డీ చట్టంలోని 21లో విడిగా లేదు, అయినా తరగతిలో ఉంది కదా.

ఏజెన్సీ బడుల్లో పనిచేసేవాళ్లు సికిల్ సెల్ గురించి తప్పక తెలుసుకోవాలి. ఆ పిల్లలు ఎప్పుడూ నీళ్లు తాగుతూ ఉండాలి, అంటే మూత్రానికి వెళ్తానంటే కాదనకూడదు. చలికాలం తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఎండలో పరుగు నొప్పిని రేపుతాయి. కాళ్లు నొప్పంటే వేషాలనుకోవద్దు. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం కలిస్తే ఆసుపత్రికే.

మూర్ఛ సంగతి ప్రతి టీచరుకూ, వంట మనిషితో సహా, తెలిసి ఉండాలి. పిల్ల పడిపోగానే ఎవరో తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెడతారు, ఇంకొకరు నోట్లో చెంచా దూర్చబోతారు. రెండూ వద్దు. ఇనుము వల్ల మూర్ఛ ఆగదు, అది దానంతటదే ఆగుతుంది. చెంచా వల్ల పళ్లు విరుగుతాయి, ఊపిరి ఆగవచ్చు. చుట్టూ ఉన్న బల్లలు జరపండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వెంటనే మొదలైనా 108కి ఫోన్ చేయండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా పట్టొద్దు. లేచిన పిల్ల సిగ్గుతో ముడుచుకుపోతుంది, తోటివాళ్లను అప్పటికే బయటికి పంపి ఉండాలి.

శిక్షణను మీకు పనికొచ్చేలా రాబట్టుకోవడం

ఇప్పుడు అసలు విషయం. ఈసారి శిక్షణకు ఉత్త చేతులతో వెళ్లకండి. మీ బిడ్డ రాత పుస్తకంలోంచి రెండు పేజీలు, మీ పరిశీలన నోటు, ఒకే ఒక ప్రశ్న పట్టుకెళ్లండి. "ఆటిజం పిల్లల్ని ఎలా హ్యాండిల్ చేయాలి సార్?" అంటే జవాబుగా మళ్లీ పీపీటీయే వస్తుంది. "మధ్యాహ్న భోజనం వరసలో నిలబడమంటే కింద పడి దొర్లుతున్నాడు, ప్రార్థనలో మాత్రం బాగానే ఉంటాడు, ఎందుకై ఉంటుంది మేడం?" అంటే గదిలో ఉన్న ఇరవై మంది టీచర్లూ ఆలోచిస్తారు. బిడ్డ పేరు మాత్రం చెప్పొద్దు. ఫొటోలు, వీడియోలు గ్రూపుల్లో పెట్టొద్దు.

అంతకన్నా విలువైనది ఐఈఆర్పీని మీ తరగతికి పిలవడం. మామూలుగా జరిగేదేమిటంటే, ఆయనో ఆవిడో వచ్చి బిడ్డను వరండాలోకి తీసుకెళ్లి ఒక గంట కూర్చుని వెళ్లిపోతారు. ఆ గంటలో మీరేమీ నేర్చుకోరు. "మేడం, ఇవాళ మీరు లోపలే కూర్చోండి, నేను పాఠం చెబుతా, వీడి దగ్గర ఏం మార్చాలో చూడండి. వచ్చే వారం మీరు చెప్పండి, నేను చూస్తా" అని అడగండి. మొహమాటం వద్దు, పాఠం బాగాలేకపోతే మంచిదే, అప్పుడే నేర్చుకునేది ఉంటుంది. ఇలాంటి రెండు పీరియడ్లు మూడు రోజుల శిక్షణకు సాటి వస్తాయి. వీలైతే ఒక రోజు మీరే భవిత కేంద్రానికి వెళ్లండి, ముఖ్యంగా ఫిజియోథెరపిస్టు వచ్చే రోజున. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లను కుర్చీలో ఎలా కూర్చోబెడితే చెయ్యి స్వేచ్ఛగా కదులుతుందో అక్కడ చూస్తే చాలు, ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు.

హెచ్ఎంలకు, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు నడిపేవాళ్లకు ఒక విన్నపం. సమావేశంలో ఒక అరగంట సహిత విద్యకని పక్కన పెట్టండి, కానీ ఉపన్యాసానికి కాదు. ఒక టీచరు ఒక బిడ్డ గురించి చెప్పాలి. మిగతావాళ్లు ప్రయత్నించాల్సిన ఒకే ఒక మార్పు సూచించాలి. వచ్చే నెల ఆ టీచరు ఏమైందో చెప్పాలి. ఏమీ కాలేదన్నా అది విలువైన సమాచారమే. శిక్షణ మెటీరియల్ కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ మనకు దగ్గర్లోనే ఉంది. బుద్ధి వికాస లోపాల మీద దేశం మొత్తానికి అదే జాతీయ సంస్థ, 1984 నుంచి పనిచేస్తోంది. ఆ ప్రాంగణంలోనే వినికిడి, వాక్కు సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. నెల్లూరులో కాంపొజిట్ రీజినల్ సెంటర్ ఉంది.

ఈ దారిలో ఇంకా ముందుకు పోవాలనుకునే యువ టీచర్లకు ఒక మాట. స్పెషల్ డీఎడ్, స్పెషల్ బీఎడ్ కోర్సులకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తింపు తప్పనిసరి. కోర్సు పూర్తయ్యాక కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదై సీఆర్ఆర్ నంబరు వస్తేనే స్పెషల్ ఎడ్యుకేటర్ కింద లెక్క. ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ విద్యా సంవత్సరానికి అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్లో చూసుకోండి. వారాంతపు క్లాసులతో ఆరు నెలల్లో స్పెషల్ బీఎడ్ అని ఎవరైనా బ్రోషర్ ఇస్తే దాన్ని అక్కడే వదిలేసి రండి.

కాగితాలు ఆలస్యం చేయొద్దు

పదో తరగతి పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడు, అదనపు సమయం, భాషల్లో మినహాయింపు వంటివన్నీ వైకల్య సర్టిఫికెట్ ఉంటేనే వస్తాయి. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రాత పరీక్షలో గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఇవ్వాలి. దీనికోసం జనవరిలో పరుగులు తీస్తే సదరం శిబిరంలో స్లాట్ దొరకదు. ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టించండి. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు తల్లిదండ్రులకు తలకు మించిన పని. మీ సేవ కేంద్రానికి ఏయే కాగితాలు తీసుకెళ్లాలో ఒక చీటీ మీద రాసివ్వడం మీకు ఐదు నిమిషాలు. సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలల స్టైపెండు ఉంది, బడికి వెంట తీసుకొచ్చేవారికీ రవాణాకూ భత్యాలున్నాయి. బడి పిల్లల వివరాలు నమోదు చేసే యూడైస్‌లో ఆ బిడ్డ వివరం సరిగ్గా నమోదు కాకపోతే వీటిలో ఏదీ రాదు. ఆ కాలమ్‌ను గుడ్డిగా "లేదు" అని నొక్కేయకండి.

ఇంతా చెప్పి, మామూలు టీచరే అన్నీ చేసుకోవాలని నేననడం లేదు. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యలో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 ప్రత్యేక పోస్టులు సృష్టించింది. మంచి మొదలే. కానీ మండలానికి ఒకరిద్దరు ఐఈఆర్పీలు, అందులోనూ ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద, అన్ని బడులూ తిరగలేరు. వచ్చే ఉపాధ్యాయ సంఘ సమావేశంలో పీఆర్సీ, డీఏ బకాయిల పక్కన ఈ నిష్పత్తి అమలును కూడా డిమాండ్ల పత్రంలో రాయించండి.